గురువారం సాయంత్రం జాకీ వంతు



సికింద్రాబాదులో వెస్లీ పేరు మీద చర్చి ఉంది, బడి ఉంది, కాలేజీ ఉంది. మెదక్‌లో ఆ మహాదేవాలయాన్ని కట్టించి 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించిన పాస్నెట్ దొర వెస్లియన్ మెథడిస్టు మిషను మనిషే. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఇక్కడి వెస్లియన్ సంఘాలు అందులో కలిసిపోయాయి. పేరు మాత్రం పోలేదు. మన ఊళ్లలో జాన్ వెస్లీ అని పిల్లలకు పేరు పెట్టుకున్న ఇళ్ళు ఎన్నో.

ఆ పేరు మొదట మోసిన మనిషి మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడు. గుర్రం మీద ఇంగ్లండంతా తిరిగి బొగ్గుగనుల కూలీలకు ఆరుబయట వాక్యం చెప్పినవాడు. ఆ సంగతులు చాలామంది చెప్పారు. ఈ పూట నేను చెప్పేది ఆయన పసితనం గురించి, ఆయన ఇంటి గురించి, అన్నిటికన్నా ఎక్కువగా ఆయన తల్లి సుసన్నా గురించి. మెథడిస్టులన్న పేరు ఆక్స్‌ఫర్డులో పడింది నిజమే. కానీ ఆ క్రమశిక్షణా, ఆ తెగువా అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఒక పల్లెటూరి పాస్టరమ్మ వంటింట్లో తయారయ్యాయని నేను గట్టిగా నమ్ముతాను.

ముందు తాతముత్తాతల సంగతి చూద్దాం. 1662లో ఇంగ్లండు ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. దేశంలోని పాదిరీలందరూ రాజసంఘం, అంటే చర్చ్ ఆఫ్ ఇంగ్లండు వారి ప్రార్థనల పుస్తకానికి అక్షరం పొల్లుపోకుండా తలవంచాలి, కాదంటే కొలువు వదిలి వెళ్లిపోవాలి. తలవంచని వాళ్ళు దాదాపు 2,000 మంది వీధిన పడ్డారు. జాన్ వెస్లీ ముత్తాత బార్తొలోమ్యూ వాళ్లలో ఒకడు. ఆ తర్వాత ఆయన వైద్యం చేసుకుని బతికాడు. తాత మరొకడు. మనవడికి వచ్చింది ఆ తాత పేరే. ఆయన జైలు పాలై, ఊరూరా తరిమివేతకు గురై, చిన్న వయసులోనే పోయాడు. తల్లి తండ్రి డాక్టర్ శామ్యూల్ ఆన్స్‌లీ కూడా ఆ చట్టానికి బలైనవాడే. లండన్‌లో పెద్ద చర్చి పోగొట్టుకుని, విడిగా ఒక సంఘం నడుపుకున్నాడు. అంటే ఆ పిల్లవాడికి రెండు వైపులా రక్తంలో ఉన్నది ఒకటే గుణం: మనస్సాక్షి ఒప్పుకోకపోతే రాజాజ్ఞ అయినా సరే, కుదరదని చెప్పడం.

చిత్రమేమిటంటే, అటువంటి ఇళ్లలో పుట్టిన జాన్ తండ్రి శామ్యూల్, తల్లి సుసన్నా ఇద్దరూ పెద్దలు వదిలేసిన రాజసంఘానికే తిరిగి వెళ్లారు. శామ్యూల్ విడి సంఘాల వాళ్ల విద్యాలయంలో చదువుకున్నాడు. అక్కడ ఉండగానే మనసు మారింది. కాలినడకన ఆక్స్‌ఫర్డు చేరి, డబ్బున్న విద్యార్థులకు ఊడిగం చేస్తూ చదువుకున్నాడు. సుసన్నా ఆన్స్‌లీ గారి ఇంట్లో కడగొట్టు బిడ్డ. ఇరవై అయిదో సంతానం. ఆన్స్‌లీ గారికి పిల్లలెందరని ఎవరో అడిగితే, రెండు డజన్లో, వందలో పావో సరిగ్గా చెప్పలేనన్నాడట బాప్తిస్మం ఇచ్చిన పాదిరీ. పదమూడేళ్లు నిండకముందే ఆ పిల్ల రెండు పక్షాల వాదాలూ కూలంకషంగా చదివి, తూచి చూసుకుని, తండ్రి సంఘం వదిలి రాజసంఘంలో చేరింది. ఎందుకు చేరిందో కారణాలన్నీ కాగితం మీద పెట్టింది కూడా. తండ్రి కోప్పడి వెలివేయలేదు. మనసారా ప్రేమించాడు. తన కాగితాలన్నీ ఆమెకే అప్పగించి పోయాడు. పన్నెండేళ్ల పిల్లకు సొంత బుర్రతో ఆలోచించే హక్కు ఇచ్చిన ఆ ముసలాయన మీద నాకు ఎనలేని గౌరవం.

వాళ్ల పెళ్లి 1688లో జరిగింది. కొన్నేళ్లకు లింకన్‌షైర్‌లోని ఎప్‌వర్త్ అనే ఊళ్లో శామ్యూల్‌కు రెక్టరు కొలువు దొరికింది. 1735లో చనిపోయేదాకా అక్కడే. మొత్తం 19 మంది పిల్లలు పుట్టారు. బతికి బట్టకట్టింది పదిమంది, ఏడుగురు ఆడపిల్లలు, ముగ్గురు మగపిల్లలు. జాన్ పదిహేనోవాడు. 1703 జూన్ 17న పుట్టాడు. ఇప్పటి క్యాలెండరు ప్రకారం అది జూన్ 28. ఇంట్లో ముద్దుపేరు జాకీ.

ఆ పుట్టుక వెనక ఒక కథ ఉంది. అప్పట్లో ఇంగ్లండు సింహాసనం మీద మూడో విలియం ఉన్నాడు. పాత రాజును వెళ్లగొట్టి వచ్చినవాడు గనక అతడు నిజమైన రాజు కాడని సుసన్నా అభిప్రాయం. ఒక సాయంత్రం కుటుంబ ప్రార్థనలో భర్త రాజు కోసం ప్రార్థిస్తే ఆవిడ ఆమెన్ అనలేదు. ఎందుకనలేదని నిలదీశాడు. ఆవిడ ఉన్నమాట చెప్పింది. ఇద్దరు రాజులున్న ఇంట్లో రెండు మంచాలుండాలి అంటూ ఆయన లండన్ వెళ్లిపోయాడు. ఆవిడ బతిమాలలేదు, మాట మార్చుకోలేదు. తప్పు చేశానని మనసుకు తోచనప్పుడు క్షమాపణ అడగడం దేవుడి ముందు అబద్ధమాడటమే అవుతుందని ఆవిడ వాదం. నెలలు గడిచాయి. 1702లో విలియం చనిపోయి ఆన్ రాణి వచ్చింది. ఆ రాణి విషయంలో ఇద్దరికీ పేచీ లేదు. భర్త ఇంటికి చేరాడు. ఆ తర్వాత పుట్టిన బిడ్డే జాకీ.

ఎప్‌వర్త్ ఎటువంటి ఊరో కూడా చెప్పాలి. చుట్టూ చిత్తడి నేలలు, నడుమ కొంచెం మెరక. ఆ ప్రాంతాన్ని యాక్స్‌హోమ్ దీవి అంటారు. చేపలు, నీటిపక్షులు, ఉమ్మడి పచ్చిక మీద ఆధారపడి బతికే జనం. 1620లలో మొదటి చార్లెస్ రాజు డచ్చి ఇంజనీరు వెర్ముయ్‌డెన్‌ను పిలిపించి ఆ చిత్తడి నేలల నీళ్లు తోడించాడు. ఉమ్మడి నేలల్లో చాలా భాగం రాజుకూ, పెట్టుబడి పెట్టినవాళ్లకూ పోయింది. జనం తిరగబడ్డారు, గట్లు తెంచారు. ఆ పగ తరాలు గడిచినా ఆరలేదు. అటువంటి ఊరికి లాటిన్, గ్రీకు చదువుకుని, పద్యాలు రాసుకునే, రాజభక్తి గల రెక్టరు వస్తే ఎలా ఉంటుంది? పైగా ఆయనకు నోటి దురుసు. వ్యవసాయం చేతకాదు. అప్పులు మాత్రం మెండు.

1705 ఎన్నికల్లో ఊరివాళ్లు ఒక పక్షం, ఆయన ఇంకో పక్షం. రాత్రంతా ఇంటి కిటికీల కింద డప్పులు కొట్టి, తుపాకులు పేల్చి, కేకలు పెట్టారు. సుసన్నా అప్పుడు బాలింత. పసిబిడ్డను చూసుకునే దాది ఆ గోలకు నిద్రలేక అలిసిపోయి, తెల్లవారుజామున ఒళ్లెరగకుండా నిద్రపోయింది. ఆమె ఒళ్లు కింద పడి బిడ్డ ఊపిరాడక చనిపోయింది. మరికొద్ది రోజులకే ఒక అప్పులవాడు ముప్ఫై పౌన్లకు లోపు బాకీ కోసం రెక్టరు గారిని పట్టించి లింకన్ కోట జైల్లో వేయించాడు. ఆయన జైల్లో ఉండగా ఇంటి దగ్గర ఆవులను పొడిచారు. పిల్లల పాలకు ఆధారం ఆ ఆవులే. సుసన్నా తన ఉంగరాలు భర్తకు పంపింది, అమ్ముకుని తిండి తినమని. ఆయన వాటిని వెనక్కి పంపాడు. యార్క్ ఆర్చిబిషప్ షార్ప్ ఆవిడను ఒక మాట అడిగాడు, ఎప్పుడైనా తిండికి లేక పస్తులున్నారా అని. ఆవిడ ఇచ్చిన జవాబు సారాంశం ఇది: రొట్టె లేని రోజంటూ లేదు గానీ, తినేముందు అది సంపాదించేందుకూ, తిన్నాక దాని బాకీ తీర్చేందుకూ పడ్డ తంటాలతో ఆ రొట్టె గొంతు దిగేది కాదని. జీతం రాళ్లు చాలక సంఘం నడుపుకున్న మన పల్లెటూరి పాస్టరమ్మల్లో ఎంతమంది ఈ మాట విని తలూపుతారో నాకు తెలుసు.

1709 ఫిబ్రవరి 9, రాత్రి. కర్రా మట్టీ కలిపి కట్టి, పైన గడ్డి కప్పిన ఇల్లు. నిప్పంటుకుంది. ఎవరైనా అంటించారా అన్న అనుమానం ఆ కుటుంబాన్ని జన్మంతా వదల్లేదు, రుజువు మాత్రం దొరకలేదు. దాది చంటివాడైన చార్లెస్‌ను ఎత్తుకుని, మిగతా పిల్లలను వెంట రమ్మని కేకేసింది. అందరూ లేచారు, అయిదున్నరేళ్ల జాకీ తప్ప. సుసన్నా అప్పుడు నిండు గర్భిణి. కిటికీ ఎక్కి దూకలేదు. మంటల్లోంచే నడిచి బయటపడింది, ముఖమూ చేతులూ కమిలాయి. బయట పిల్లలను లెక్కపెడితే ఒకడు తక్కువ. తండ్రి మెట్లెక్కబోయాడు. కాలుతున్న మెట్లు ఆయన బరువుకు ఆగలేదు. ఇక చేసేదేమీ లేక మోకరించి ఆ బిడ్డ ఆత్మను దేవుడికి అప్పగించాడు.

లోపల జాకీకి మెలకువ వచ్చింది. వెలుగు చూసి తెల్లవారిందనుకున్నాడు. తెర పక్కకు తీస్తే పైకప్పు మీద నిప్పు చారలు. తలుపు దాకా పరుగెత్తాడు. అవతల నేలంతా మంట. వెనక్కి వచ్చి కిటికీ దగ్గరున్న పెట్టె మీదికెక్కి నిలబడ్డాడు. పెరట్లో ఉన్నవాళ్లెవరో చూశారు. నిచ్చెన తెచ్చేందుకు టైము లేదు. ఒక మనిషి గోడకు ఆనుకుని నిలబడితే, ఇంకొకతను అతని భుజాల మీదికెక్కి పిల్లవాణ్ని లాగేశాడు. ఆ మరుక్షణమే కప్పు కూలింది. అదృష్టవశాత్తు లోపలికి కూలింది. బయటికి పడి ఉంటే ముగ్గురూ పోయేవాళ్లు. తండ్రి ఇరుగుపొరుగును పిలిచి, ఇల్లు పోతే పోనీ, ఎనిమిదిమంది పిల్లలూ దక్కారు, మోకరించి స్తుతిద్దాం రండన్నాడు. పిల్లవాణ్ని ఎత్తి దించినవాళ్లు ఆ ఊరివాళ్లే. పగ ఉన్న ఊళ్లోనే ఆ భుజాలు కూడా ఉన్నాయి.

మర్నాడు తోటలో బూడిద మధ్య శామ్యూల్‌కు తన బైబిలు తాలూకు ఒక కాగితం ముక్క దొరికింది. దాని మీద చదవడానికి మిగిలింది ఒక్క వాక్యమే, నీకున్నదంతా అమ్మి, సిలువ ఎత్తుకుని నన్ను వెంబడించమన్న ప్రభువు మాట. సుసన్నా చిన్నప్పుడు రాసుకున్న ఆ సంఘం మార్పు కాగితాలూ ఆ రాత్రే కాలిపోయాయి. జాకీకి మాత్రం ఆ రాత్రి మరుపుకు రాలేదు. జెకర్యా ప్రవచనంలో నిప్పులోంచి లాగిన కొరవి మాట ఉంది కదా, ఆ కొరవి తానేనని పెద్దయ్యాక కూడా చెప్పుకునేవాడు.

ఇల్లు ఇటుకలతో మళ్లీ కట్టారు. ఇప్పటికీ ఉంది, మ్యూజియంగా. కట్టేదాకా పిల్లలను తలా ఒక ఇంట్లో ఉంచారు. అక్కడ వాళ్లు పనివాళ్లతో కలిసి అల్లరిగా తిరిగి, మర్యాదలు మరిచి వచ్చారని సుసన్నా బెంగ. అందుకని పాత పద్ధతి మళ్లీ మొదలుపెట్టింది, ఇంకా గట్టిగా.

ఆ పద్ధతి ఏమిటో ఆవిడే 1732లో కొడుకు అడిగితే వివరంగా రాసి పంపింది. అయిదేళ్లు నిండేవరకు అక్షరాల జోలికి పోనిచ్చేది కాదు. నిండిన మర్నాడు బడి. ఇంట్లో ఎవరి పని వాళ్లకు ముందురోజే అప్పగించేది, ఆ రోజు ఎవరూ ఆ గదిలోకి రాకూడదు. ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు, మళ్లీ రెండు నుంచి అయిదు. ఒక్కరోజులో అక్షరాలన్నీ వచ్చేయాలి. ఇద్దరు ఆడపిల్లలకు మాత్రం ఒకటిన్నర రోజు పట్టింది. మర్నాటి నుంచి ఆదికాండం మొదటి అధ్యాయం, కూడబలుక్కుంటూ. బాలశిక్షలేం లేవు. చదవడం బాగా వచ్చేదాకా ఏ ఆడపిల్లకూ కుట్టుపని చెప్పకూడదని ఆవిడ నియమం. 1700ల మొదట్లో ఇది ఎంత పెద్ద మాటో ఆలోచించండి. అన్నా, అక్కా అని కలపకుండా తోబుట్టువును వట్టి పేరు పెట్టి పిలవకూడదు. అది మన ఇళ్లకు కొత్త కాదు. తప్పు చేసి ఒప్పుకున్నవాడికి దెబ్బ లేదు. ఒకే తప్పుకు రెండుసార్లు దండన లేదు.

అదే ఉత్తరంలో నాకు మింగుడు పడనివీ ఉన్నాయి. ఏడాది నిండేసరికి బిడ్డకు బెత్తం అంటే భయం తెలియాలట. ఏడిస్తే గొంతు పైకి రాకుండా ఏడవాలట. పిల్లల పంతాన్ని మొదట్లోనే విరిచేయాలని ఆవిడ నమ్మకం. ఆ కాలంలో చాలామంది అలాగే నమ్మారు. అయినా అది తప్పు అని నేను అంటాను. ఏడాది బిడ్డ ఏడుపు దాని భాష. దాన్ని నొక్కేసే హక్కు ఎవరికీ లేదు, ఎంత భక్తిగల తల్లికైనా సరే. మరి పంతం విరిగిన పిల్లవాడు పెద్దయ్యాక రాళ్లు రువ్వే గుంపుల ముందు ఎలా నిలబడగలిగాడు? దానికి జవాబు బెత్తంలో లేదు, గురువారం సాయంత్రంలో ఉంది.

ఆవిడ వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డకు కేటాయించింది. సోమవారం మాలీ. మంగళవారం హెట్టీ. బుధవారం నాన్సీ. గురువారం జాకీ. శుక్రవారం పాటీ. శనివారం చార్లెస్. ఆదివారం ఎమిలీ, సూకీ ఇద్దరూ. ఆ సమయంలో అమ్మ ఆ ఒక్క బిడ్డదే. మనసులో ఏముందో అడిగేది, వినేది, వాదించనిచ్చేది. జాకీ చిన్నప్పటి నుంచీ కారణం లేనిదే ఏదీ చేయని రకం. ఎవరైనా తినడానికేదైనా ఇవ్వబోతే, థాంక్స్, ఆలోచించి చెప్తాననేవాడట. తండ్రి విసుక్కునేవాడు. అటువంటి పిల్లవాడికి వారానికొక సాయంత్రం తన మాట వినే తల్లి దొరకడం ఎంత వరం! ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, ఆక్స్‌ఫర్డులో ఫెలోగా ఉంటూ, ఆయన అమ్మకు ఉత్తరం రాశాడు. ఆ గురువారం సాయంత్రం నాకోసం మళ్లీ కాస్త కేటాయించమ్మా, అప్పుడు నా ఆలోచనను దిద్దినట్టే ఇప్పుడు నా మనసును దిద్దుతుందని.

ఈ సాయంత్రాల ఆలోచన ఆవిడకు ఎక్కణ్నుంచి వచ్చిందో తెలిస్తే మనకు ఆశ్చర్యం కలుగుతుంది. మన కోరమాండల్ తీరం నుంచి. 1706లో డెన్మార్క్ రాజు పంపగా జీగెన్‌బాల్గ్, ప్లూచౌ అనే ఇద్దరు మిషనరీలు తరంగంబాడిలో దిగారు. వాళ్ల వృత్తాంతం ఇంగ్లీషులోకి వచ్చింది. పెద్ద కూతురు ఎమిలీ దాన్ని తండ్రి గదిలో చూసి అమ్మకు చదివి వినిపించింది. ఆవిడ రోజుల తరబడి వేరే ఆలోచన చేయలేకపోయింది. నేను మగవాణ్ని కాను, పాదిరీని కాను, అయినా ఇంకా ఎక్కువ చేయవచ్చు కదా అనుకుంది. ముందు తన పిల్లలతో మొదలుపెట్టింది. మన భాషకు కూడా ఆ మిషనుతో బంధం ఉంది. తర్వాత అందులో చేరిన బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చి, వ్యాకరణం రాసి, 1740లలో జర్మనీలోని హాలేలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు.

అదే కాలంలో, 1711-12 చలికాలంలో, భర్త మతసభల కోసం లండన్‌లో ఉన్నాడు. సహాయ పాదిరీ ఇన్‌మన్ ప్రసంగాలు చప్పగా ఉండేవి. ఆదివారం సాయంత్రాలు సుసన్నా వంటింట్లో పిల్లలనూ, పనివాళ్లనూ కూర్చోబెట్టి ప్రార్థన చేసి ఒక ప్రసంగం చదివేది. పనిపిల్లవాడొకడు ఇంటికెళ్లి చెబితే అతని తల్లిదండ్రులు వస్తామన్నారు. తర్వాత పొరుగువాళ్లు. చూస్తుండగానే రెండు వందలు దాటారు. చోటు లేక తిరిగిపోయినవాళ్లూ ఉన్నారు. చర్చికి రావడం ఎప్పుడో మానేసినవాళ్లు మళ్లీ ఆరాధనకు రావడం మొదలుపెట్టారు. ఇన్‌మన్ కోపంతో రెక్టరుకు ఫిర్యాదు రాశాడు. ఆడమనిషి కూటం నడపడమేమిటని. భర్త మానేయమని సూచించాడు. ఆవిడ ఎంతో వినయంగా రాసిన జవాబులో ఇనుము ఉంది: మానేయమని కోరుకుంటున్నానంటే కుదరదు, ఖచ్చితమైన ఆజ్ఞ పంపండి, రేపు ప్రభువు న్యాయపీఠం ముందు నిలబడ్డప్పుడు ఈ ఆత్మల లెక్క నా మీద పడకుండా. ఆ ఆజ్ఞ రాలేదు. ఎనిమిదేళ్లు దాటిన జాకీ ఆ వంటింట్లో ఏదో మూల కూర్చుని ఉండే ఉంటాడు.

పదకొండేళ్లు నిండకముందే, 1714లో, అతన్ని లండన్‌లోని చార్టర్‌హౌస్ బడికి పంపారు. పెద్ద పిల్లలు చిన్నవాళ్ల మాంసం లాక్కు తినేవాళ్లు. జాకీకి మిగిలింది ఎక్కువగా రొట్టె. తండ్రి చెప్పాడని రోజూ పొద్దున్నే తోట చుట్టూ మూడుసార్లు పరుగెత్తేవాడు. 1720లో ఆక్స్‌ఫర్డు, 1725లో డీకను, 1728లో పాదిరీ. ఈ సంగతులు ఏ పుస్తకంలోనైనా ఉంటాయి.

ఆయన అక్క హెట్టీ గురించి మాత్రం చెప్పకుండా దాటలేను. ఎనిమిదేళ్లకే గ్రీకు కొత్త నిబంధన చదివిందని చెబుతారు. కవయిత్రి. అంత చదువు చెప్పినా ఆడపిల్లలకు ఆక్స్‌ఫర్డు లేదు. వాళ్లకు ఉన్నవి పేదరికమూ, చిత్తడి ఊరూ, దొరికిన సంబంధమూ. హెట్టీ ఒకతణ్ని నమ్మి ఇల్లు వదిలి వెళ్లి, మోసపోయి తిరిగొచ్చింది. తండ్రి 1725లో ఆమెను విలియం రైట్ అనే ప్లంబరుకు కట్టబెట్టాడు. చదువుకూ మనసుకూ పొంతన లేని కాపురం. బిడ్డలు పొత్తిళ్లలోనే పోయారు. కాళ్ల మీద పడినా తండ్రి క్షమించలేదు. 1726లో జాన్ తండ్రి సంఘంలోనే నిలబడి, తప్పు చేసినవాళ్ల పట్ల కూడా ప్రేమ చూపాలని ప్రసంగించాడు. ఎవరిని ఉద్దేశించి చెప్పాడో ఇంట్లో అందరికీ అర్థమైంది. తండ్రి మండిపడ్డాడు. నన్నడిగితే జాన్ వెస్లీ ప్రసంగాలన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది అదే.

తండ్రి పోయాక సుసన్నా కొడుకు దగ్గర లండన్‌లో ఉంది. అప్పుడే థామస్ మాక్స్‌ఫీల్డ్ అనే యువకుడు, అభిషేకం లేని మామూలు విశ్వాసి, సంఘంలో వాక్యం చెప్పడం మొదలుపెట్టాడు. జాన్ బ్రిస్టల్‌లో ఉండగా ఆ కబురందింది. కోపంగా బయలుదేరి వచ్చాడు. అమ్మ ఆపింది. తొందరపడకు, దేవుడు నిన్ను పిలిచినట్టే అతన్నీ పిలిచాడు, ముందు నువ్వే విని చూడంది. విన్నాడు, ఒప్పుకున్నాడు. మెథడిస్టు సంఘాలను ఊరూరా నిలబెట్టింది తర్వాత ఆ మామూలు మనుషులే. వంటింట్లో ఆజ్ఞ పంపమని అడిగిన తల్లి వేరే ఏం చెబుతుంది?

1742 జూన్‌లో జాన్ ఎప్‌వర్త్ వెళ్తే సహాయ పాదిరీ ఆయన్ని ప్రసంగపీఠం ఎక్కనివ్వలేదు. ఆ సాయంత్రం ఆరింటికి సమాధుల దొడ్లో తండ్రి సమాధి రాతి మీద నిలబడి ప్రసంగించాడు. ఊరంతా వచ్చింది. వారం పాటు వస్తూనే ఉంది. మరుసటి నెలలో సుసన్నా కన్నుమూసింది. తన ఊపిరి ఆగగానే ఏడవకుండా స్తుతి కీర్తన పాడమని పిల్లలకు చెప్పింది. వాళ్లు పాడారు. జాన్ తన దినచర్య గ్రంథం అచ్చువేసినప్పుడు, తల్లి సమాధి సంగతి రాసిన చోటే, ఆవిడ పిల్లల పెంపకం మీద రాసిన ఉత్తరాన్నీ, వంటింటి కూటం గురించి భర్తకు రాసిన ఉత్తరాన్నీ పక్కపక్కన చేర్చాడు. తాతా, తండ్రీ, మొగుడూ, ముగ్గురు కొడుకుల్లాగే ఆవిడ కూడా తన పాటికి తాను నీతిని ప్రకటించిన బోధకురాలేనని పైన తన మాటగా రాసి పెట్టాడు.